కరోనా రెండో వేవ్‌లో ఫోన్ మీద నడిచిన ప్రార్థన: మా సంఘం కేస్ స్టడీ

2021లో ఈస్టర్ ఏప్రిల్ 4న వచ్చింది. అంతకు ముందు ఏడాది లాక్‌డౌన్‌లో మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ మూడూ ఇళ్లలోనే గడిచిపోయాయి కాబట్టి ఆ రోజు మా గుడిలో కూర్చోడానికి చోటు లేదు. నెల తిరిగేసరికి అదే గుడికి మళ్లీ తాళం పడింది. మే 5 నుంచి రాష్ట్రమంతా కర్ఫ్యూ. ఉదయం 6 నుంచి 12 లోపల పనులు చక్కబెట్టుకోవాలి, ఆ తర్వాత గుమ్మం దాటకూడదు. మే మధ్యకల్లా ఆంధ్రప్రదేశ్‌లో రోజుకి 20 వేలకు పైగా కరోనా కేసులు వస్తున్నాయి.

ఆ రెండు మూడు నెలలు మా సంఘంలో ఇతరుల కోసం ప్రార్థన ఎలా నడిచిందో తోటి కాపరులకీ, సంఘ పెద్దలకీ పనికొస్తుందని రాస్తున్నాను. ప్రార్థన వల్ల ఎంతమంది బతికారన్న లెక్క ఇందులో ఉండదు. అలాంటి లెక్క రాయడం నాకు సమ్మతం కాదు, ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది. కింద చెప్పిన కుటుంబాల దగ్గర అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మా సంఘం పశ్చిమ గోదావరిలో, నరసాపురానికీ పాలకొల్లుకీ మధ్య ఉంటుంది. ఆడవాళ్లలో చాలామంది లేసు అల్లుతారు. మగవాళ్లు రొయ్యల చెరువుల మీద పని, ఆటోలు, తాపీపని. చాలా ఇళ్ల నుంచి ఒకరో ఇద్దరో కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారు, ఎక్కువగా ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లే. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది కాబట్టి ముందే చెప్తున్నాను.

ఫార్వర్డ్ అయిన ప్రార్థనలు

ఏప్రిల్ మూడో వారం నుంచి వాట్సాప్‌లో ప్రేయర్ రిక్వెస్టులు వరదలా వచ్చి పడ్డాయి. మా సంఘం గ్రూపులోకే రోజుకి పదులకొద్దీ వచ్చేవి. అందులో మా వాళ్లవి కొన్నే. మిగతావి ఎక్కడి నుంచి బయల్దేరాయో ఎవరికీ తెలీదు. ఒక మెసేజ్ ఇలా ఉంది: "అర్జెంట్. ఫలానా బ్రదర్, వెంటిలేటర్ మీద ఉన్నారు. ఇద్దరు చిన్నపిల్లలు. పది గ్రూపులకు పంపండి." కింద ఒక ఫోన్ నంబర్. ఊరు లేదు, తేదీ లేదు. మెసేజ్ కింద నలభై దాకా "ఆమెన్"లు, చేతులు జోడించిన బొమ్మలు.

నేను ఆ నంబర్‌కి ఫోన్ చేశాను. ఎత్తింది ఆయన భార్య. ఆయన్ని భూస్థాపన చేసి వారం దాటిందట. మెసేజ్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి "బ్రదర్‌కి ఇప్పుడెలా ఉందమ్మా" అని అడుగుతున్నారు. అడిగిన ప్రతిసారీ ఆవిడ చెప్పుకోవాలి. ఫోన్ ఆపేద్దామంటే ఆసుపత్రి బిల్లు సంగతి ఒకటి తేలలేదు, ఆ కాల్ కూడా దాని మీదికే రావాలి.

ప్రార్థించిన వాళ్లెవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఎవరికోసం అడుగుతున్నామో ఆ మనిషి ఈ పూట ఎలా ఉన్నాడో తెలియకుండా చేసే ప్రార్థన మన టెన్షన్ మనం దించుకోవడానికే అవుతుందని నాకు ఆ ఫోన్‌తో అర్థమైంది. ఫార్వర్డ్ నొక్కగానే ఏదో చేశామన్న తృప్తి వచ్చేస్తుంది. ఆ మనిషి దగ్గరికి ఎవరూ వెళ్లినట్టు కాదు.

ఇంకో ఇబ్బంది మా ఊళ్లోనే వచ్చింది. పక్క పేటలో వేరే ప్రార్థన గ్రూపులో ఒకాయన పాజిటివ్ రిపోర్టు ఫోటో పెట్టారు, పేరు, వయసు, ఇంటిపేరుతో సహా. సాయంత్రానికల్లా వాళ్లింటికి మంచినీళ్ల క్యాన్ వేసే కుర్రాడు రావడం మానేశాడు. పాలవాడు వీధి మొదట్లోనే ప్యాకెట్లు పెట్టి వెళ్లిపోయాడు. రిక్వెస్ట్ పెట్టిన పుణ్యానికి ఆ ఇంట్లోవాళ్లు నీళ్లు కూడా అడుక్కోవాల్సి వచ్చింది.

లాంగ్ బుక్

సంఘ పెద్దలతో కాన్ఫరెన్స్ కాల్‌లో మాట్లాడి గ్రూపులో రిక్వెస్టులు పెట్టడం ఆపేశాం. వాక్యం, పాటలు, చావు కబుర్లు తప్ప అందులో ఏమీ వద్దన్నాం. రిక్వెస్టులన్నీ ఒక్క ఫోన్‌కి రావాలి. ఆ ఫోన్ మా సంఘంలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో చేసి రిటైరైన పెద్దావిడ చేతిలో పెట్టాం. అంతకన్నా తగిన మనిషి దొరకదు. అవతలి వాళ్లు ఏడుస్తున్నా తొందరపెట్టకుండా, కబుర్లలో పడకుండా, కావలసింది రాబట్టుకోవడం ఆవిడకి ముప్పై ఏళ్ల అలవాటు. ట్రంక్ కాల్ రోజుల నాటి గొంతు.

ఆవిడ ఒక లాంగ్ బుక్‌లో గీతలు కొట్టుకున్నారు. పేరు, అది కూడా ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనే, లేకపోతే "చెరువు గట్టు ఇంటి తమ్ముడు" అని. చెప్పమన్నది ఎవరు. ఈ రోజుకి కావలసింది ఏమిటి. ఫోన్ చేసేది ఎవరు. చివర్లో టైము.

"ఈ రోజుకి కావలసింది" అన్న గడి దగ్గర జనం మొదట్లో తడబడ్డారు. అందరూ "స్వస్థత" అనేవారు. ఆవిడ వదిలేవారు కాదు. "స్వస్థత సరే తల్లీ, ఈ రాత్రికి ఏం కావాలి?" అనేవారు. అప్పుడు అసలు సంగతులు బయటికొచ్చేవి. బెడ్ కావాలి. దగ్గుతో నిద్ర పట్టట్లేదు. నాన్న అన్నం ముట్టట్లేదు. స్కాన్‌కి డబ్బుల్లేవు. పాజిటివ్ అని అత్తగారికి ఎలా చెప్పాలో తెలీడం లేదు.

పెట్టిన కట్టుబాట్లలో నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నది ఒకటుంది. ఏ రిక్వెస్ట్ అయినా మర్నాడు సాయంత్రం 6 వరకే. ఈలోగా ఆ ఇంటి నుంచి కొత్త కబురు రాకపోతే మనమే ఫోన్ చేసి కనుక్కోవాలి. కనుక్కోలేకపోతే ఆ లైను కొట్టేయాలి. కొంతమందికి ఇది కఠినంగా అనిపించింది. "ప్రార్థనకి ఎక్స్‌పైరీ ఏంటి అయ్యగారండి" అని ఒక తమ్ముడు ఎగతాళిగానే అన్నాడు. చనిపోయిన మనిషి ఊపిరి కోసం నలభై మంది ఆమెన్ అనడం కంటే ఇది నయం అన్నాను.

ఒక్కొక్కరికి ముగ్గురి పేర్లకి మించి ఇవ్వలేదు. అరగంట చొప్పున టైములు. మధ్యాహ్నం 2 నుంచి 4 లేసు అల్లే ఆడవాళ్లది. కర్ఫ్యూలో ఎటూ కదలడానికి లేదు కాబట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని, చేతిలో క్రోషా సూది ఆడిస్తూనే ప్రార్థించేవారు. తెల్లవారుజాము పెద్దవాళ్లది. యూత్‌కి రాత్రి 10 గంటల టైము ఇచ్చాం, అది వారం కూడా నిలబడలేదు, కారణం వెతకలేదు.

నడిరాత్రి ఎవరు చేస్తారన్న ప్రశ్నకి మేం ఊహించని చోట నుంచి జవాబు వచ్చింది. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ ఇంటిపని చేసే మా ఆడవాళ్లకి గిన్నెలు కడిగి, పిల్లల్ని పడుకోబెట్టి గదిలోకి వచ్చేసరికి 11 అవుతుంది. మనకి ఒకటిన్నర. ఆసుపత్రి వరండాల్లో నిద్ర లేకుండా కూర్చున్న అటెండెంట్లకి ఆ టైములో ఫోన్ చేసేది వాళ్లే. మా సంఘంలో రాత్రి కాపలా అంతా గల్ఫ్ నుంచే నడిచింది.

ముందు రీడింగ్, తర్వాత ప్రార్థన

ఫోన్ చేసేవాళ్లకి ఒక వరస నేర్పాం. ఎలా ఉంది, ఏం తిన్నారు, మందులు వేసుకున్నారా, ఆక్సీమీటర్ ఉంటే రీడింగ్ ఎంత. ఆ తర్వాతే ప్రార్థన, అదీ మూడు నిమిషాలు దాటకూడదు. ఆయాసంతో ఉన్న మనిషి చేత పెద్ద ప్రార్థనలు చేయించొద్దు, ఆమెన్ అంటే చాలు. రీడింగ్ 94 కన్నా తగ్గితే ప్రార్థన కంటే ముందు 104 హెల్ప్‌లైన్‌కి ఫోన్. వాళ్లకి చేతకాకపోతే మనం చేసి, లైన్ మీద ఉండాలి.

దీని మీద కొంచెం రగడ అయింది. మా దగ్గర 91వ కీర్తన చదవని ఇల్లు లేదు. ఆ రోజుల్లో దాన్ని తలుపులకి అంటించారు, స్టేటస్‌లు పెట్టారు. "అపాయము నీయొద్దకు రాదు" అని రాసి ఉంటే ఆక్సీమీటర్ ఎందుకని ఒక అన్నయ్య వాదించాడు. మత్తయి 4వ అధ్యాయంలో యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి "దూకు" అన్నప్పుడు సాతాను ఎత్తి చూపించింది ఆ కీర్తనలోని మాటలే కదా అని అడిగాను. కీర్తన అబద్ధమని యేసు అనలేదు, దూకనూ లేదు. ఆ అన్నయ్య ఒప్పుకున్నాడో లేదో నాకు తెలీదు గానీ, వాళ్ల అమ్మగారికి మీటర్ కొనిచ్చాడు.

టీకా సంగతి కూడా ఈ ఫోన్లలోనే వచ్చింది. ఏప్రిల్ 1 నుంచి 45 దాటినవాళ్లందరికీ టీకా అన్నా, అది బైబిల్ ప్రకటన గ్రంథంలో చెప్పిన మృగం ముద్ర 666 అని తిరిగిన మెసేజ్‌లు చూసి చాలామంది వెనకాడారు. గుడిలో నేను ప్రసంగం చేసి ఉంటే ఎంతమంది వినేవారో. జ్వరంలో ఉన్నప్పుడు రోజూ ఫోన్ చేసి పలకరించిన మనిషి "వదినా, నేను వేయించుకున్నాను, చెయ్యి రెండు రోజులు నొప్పెట్టింది అంతే" అంటే నమ్మారు.

ఒక కుటుంబం

ఇక ఈ కేసులో నేను ఎక్కువగా తలుచుకునేది ఒక కుటుంబం గురించి. ఆయనకి నలభై దాటి ఉంటాయి, రొయ్యల చెరువు మీద కాపలా, రాత్రిళ్లు ఏరియేటర్లు చూసుకునేవాడు. భార్య కువైట్‌లో. కూతురు ఇంటర్, నాయనమ్మతో ఇంటి దగ్గర. ఏప్రిల్ 24 నుంచి కువైట్ మన దేశపు విమానాలు ఆపేసింది. ఆయనకి జ్వరం మొదలైంది ఆ తర్వాతే. భార్య రావాలన్నా దారి లేదు.

లాంగ్ బుక్‌లో ఆయన పేరు మీద వరసగా ఉన్న గడులు చూస్తే ఆ ఇల్లు ఎలా గడిచిందో తెలుస్తుంది. మొదట "ఆక్సిజన్ బెడ్". తర్వాత "అమ్మాయికి ధైర్యం". తర్వాత "బోర్లా పడుకోగలగాలి", డాక్టర్లు అలా పడుకోమన్నారు, ఆయనకి కుదరట్లేదు. ఆ తర్వాత గడిలో స్వస్థత, ఆక్సిజన్ ఏమీ లేవు. "ఆయన నా గొంతు వినాలి" అని ఉంది. భార్య కువైట్ నుంచి చెప్పిన మాట అది.

అలా రాసి ఉండబట్టే పని జరిగింది. ఆ రోజు ఆ పేరు వంతు వచ్చిన చెల్లెమ్మకి అదే ఆసుపత్రిలో, వేరే వార్డులో, స్టాఫ్ నర్సు తెలుసు. ప్రార్థన ముగించి ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. నర్సు తన డ్యూటీ దిగాక, కిట్ విప్పకుండా ఆయన వార్డులోకి వెళ్లి ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకుంది. మాస్కు వల్ల ఆయన మాట్లాడలేకపోయాడు. భార్య చెరువు సంగతి, కూతురి పరీక్షల సంగతి, యజమానురాలి ఇంట్లో చచ్చిపోయిన పిల్లి సంగతి, నోటికొచ్చినదల్లా చెప్పిందట. ఆయన రెండు రోజులకి చనిపోయాడు.

శ్మశానంలో కిట్లు వేసుకున్న మనుషులు, నేను, ఆయన తమ్ముడు. భార్య వీడియో కాల్‌లో ఉంది. నేను ప్రార్థన మొదలుపెట్టబోతుంటే ఆపింది. "అయ్యగారండి, దేవుడు మేలే చేశాడని మాత్రం చెప్పకండి. ఏం చెప్పాలో తెలీకపోతే ఊరుకోండి." నేను 13వ కీర్తన తీశాను. "ఎన్నాళ్లవరకు" అని దేవుణ్ణి నిలదీసే కీర్తన అది. చదివి, ఊరుకున్నాను.

వాళ్ల బంధువొకాయన తర్వాత ఆ కూతురితో "విశ్వాసం చాలలేదమ్మా మనకి" అన్నాడని తెలిసింది. నాకు ఒళ్లు మండింది. ఫోన్ చేసే వాళ్లందరికీ ఆ రాత్రే చెప్పాం, చనిపోయిన ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎవరూ కారణాలు చెప్పొద్దని. దేవుని చిత్తం అని కూడా మనంతట మనం అనొద్దు, వాళ్లు అంటే వినాలి. సంఖ్యాకాండం 16వ అధ్యాయంలో తెగులు పుట్టినప్పుడు అహరోను ధూపార్తి పట్టుకుని జనం మధ్యకి పరుగెత్తాడు, చచ్చినవాళ్లకీ బతికున్నవాళ్లకీ మధ్య నిలబడ్డాడు, తెగులు ఆగింది. ఈ కథ ప్రసంగాల్లో ఇక్కడితో ఆపేస్తాం. అదే అధ్యాయం ఆ తెగులులో పోయినవాళ్లు 14,700 మంది అని కూడా రాసిపెట్టింది. అహరోను విశ్వాసం చాలలేదని ఎవరూ అనలేదు. విజ్ఞాపన చేసి కూడా పోగొట్టుకోవడం బైబిల్‌కి తెలుసు, మనకే చెప్పడానికి నోరు రాదు.

ఆ ఇంటి లైను కొట్టేయలేదు. చావు జరిగిన ఇళ్లకి లాంగ్ బుక్ వెనకాల వేరే పేజీలు పెట్టాం. వాటికి సాయంత్రం 6 గంటల కట్టుబాటు లేదు. కువైట్‌లో ఉన్న ఆవిడకి ఏడాది దాటేదాకా ఎవరో ఒకరు వారానికోసారి ఫోన్ చేశారు. రాత్రి ఒకటిన్నరకి ఫోన్ చేసే కాపలాలోకి ఆవిడే తిరిగి వచ్చింది. నెల కాకుండానే, వేరే ఎవరి భర్త కోసమో ఫోన్ చేయడానికి.

గుడి బయటివాళ్లు

మే 7ని మన దేశంలో కథోలికుల బిషప్పుల సమాఖ్య, నేషనల్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్, ఎవాంజెలికల్ ఫెలోషిప్ కలిసి ఉపవాస ప్రార్థన దినంగా ప్రకటించాయి. ఆ రోజు మా సొంత పేర్లన్నీ పక్కన పెట్టి ఊరి కోసం ప్రార్థించాం. ఊరు అంటే ఊరికే ఊరు అని కాదు. ఆశా వర్కర్లు, వార్డు వాలంటీర్లు, 108 డ్రైవర్లు, శ్మశానంలో పనిచేసేవాళ్లు, లైన్‌మెన్. వీళ్లలో ఫోన్ నంబర్ దొరికిన వాళ్లందరికీ ముందు ఫోన్ చేసి ఏం కావాలో అడిగాం. శ్మశానంలో పనిచేసే ఒకాయన చెప్పింది నాకింకా గుర్తుంది: "ఇంటికెళ్తే పిల్లలు దగ్గరికి రావాలండి, వాసన వస్తుందని రావట్లేదు."

అధికారుల కోసం ప్రార్థించాలని 1 తిమోతి 2వ అధ్యాయం చెప్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ప్రార్థనలో ప్రభుత్వాన్ని తిట్టడం మనవాళ్లకి బాగా వచ్చు. కళ్లు మూసుకుని ఒకాయన ఈ పార్టీని, ఇంకొకాయన ఆ పార్టీని. అందుకని అధికారి పేరు పక్కన ఆయన చేయాల్సిన పని ఒకటి తప్పనిసరిగా రాయమన్నాం. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా తగ్గి రోగులు చనిపోయిన తర్వాత ఇది సులువైంది. "ట్యాంకర్ టైముకి రావాలి" అన్నదాంట్లో రాజకీయం పెట్టడం కష్టం.

హిందూ, ముస్లిం ఇళ్ల నుంచి కూడా రిక్వెస్టులు వచ్చాయి, మేం అడక్కుండానే. చెరువు మీద కలిసి పనిచేసేవాళ్లు, లేసు తీసుకెళ్లే ఏజెంట్ల ఇళ్లవాళ్లు. ఒక పెద్దామె మా ఆపరేటర్ అమ్మతో "మీ పుస్తకంలో మా అమ్మాయి పేరు కూడా రాయండమ్మా, మా దేవుడికి నేను చెప్పుకుంటున్నాను, మీ దేవుడికి మీరు చెప్పండి" అంది. రాసుకున్నారు. ఈ ఇళ్లకి చేసే ఫోన్లలో గుడికి రమ్మనడం, కరపత్రాలు, సాక్ష్యాలు ఏవీ ఉండకూడదని ముందే అనుకున్నాం. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఇవ్వలేదు, కూటి కోసం వచ్చామనిపించుకోకూడదని. ఇచ్చింది పని అయిపోయాకే, 1878 జులైలో ఒక్క రోజునే 2,222 మందికి. ఆ అంకె అందరికీ నోటికొచ్చు, ఆగిన కాలం ఎవరూ చెప్పరు. ఆపదలో ఉన్న మనిషి కోసం చేసే ప్రార్థనకి రసీదు అడగకూడదు. ఆ పెద్దామె కూతురు కోలుకుంది. వాళ్లు మా గుడికి రాలేదు, రమ్మని ఎవరూ అనలేదు. సంక్రాంతికి అరిసెలు పంపారు.

తర్వాత

ఫోన్ చేసేవాళ్లు అలిసిపోయారు, ఇది రాయాలి. తను ఫోన్ చేస్తున్న మనిషి చనిపోతే ఆ చెల్లెలికో అన్నకో రెండు మూడు రోజులు పేర్లు ఇవ్వకుండా, ఆ రోజుల్లో వాళ్లకే ఇంకొకరు ఫోన్ చేసేట్టు ఏర్పాటు చేశాం. అయినా ఇద్దరు మానేశారు. మళ్లీ రమ్మని ఒత్తిడి పెట్టలేదు.

జూన్ చివరికి పేర్లు తగ్గాయి. లాంగ్ బుక్‌లో ఎవరి జబ్బు ఏమిటో, ఎవరికి డబ్బు లేదో అంతా ఉంది కాబట్టి, వెనక పేజీలు చించి ఉంచుకుని మిగతాది పెద్దల ఎదుట కాల్చేశాం. దాన్ని సాక్ష్యంగా దాచుకోవాలని కొందరికి ఉండింది. ఆ పేర్లు మా చేతిలో పెట్టింది ప్రార్థించమని, దాచుకోమని కాదు.

2022 జులైలో గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి చేరి, కింద మా జిల్లాలో యలమంచిలి, ఆచంట మండలాల లంకలు మునిగాయి. మళ్లీ అదే ఆపరేటర్ అమ్మ కొత్త లాంగ్ బుక్ తీశారు. కానీ పాత గడులు పనిచేయలేదు. జబ్బు మనిషిది, వరద ఊరంతటిదీ. పైగా లంకల్లో కరెంటు లేదు, రెండో రోజుకి ఫోన్లన్నీ చచ్చిపోయాయి. మర్నాడు సాయంత్రం 6 లోపల కబురు రావాలంటే వచ్చే దారే లేదు. ఆవిడ గీతలు మార్చేశారు. మొదటి గడిలో పేరు తీసేసి ఊరు రాశారు, రెండో గడిలో ఆ ఊళ్లో ఇంకా ఛార్జింగ్ ఉన్న ఫోన్ ఎవరిదో, మూడో గడిలో పడవ ఎప్పుడు వెళ్తుందో. పడవలో వెళ్లే కుర్రాళ్ల చేత ఛార్జ్ చేసిన పవర్ బ్యాంకులు పంపించి, కబురు వచ్చాకే ఆ ఊరి పేరు ప్రార్థన చేసేవాళ్లకి ఇచ్చారు.